ఒక్క కాంగ్రెస్ సభ్యుడు విదేశాంగ విధానాన్ని మార్చగలడా? రాన్ డెలమ్స్, దక్షిణాఫ్రికా ఆంక్షల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

వాల్తేరు అమ్మాయి:

అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సెమినార్ పేపర్‌కి విదేశాంగ విధానంలో చట్టసభ సభ్యుల పాత్ర అనే అంశం వచ్చింది. మానవ హక్కుల కోణం తప్పనిసరిగా ఉండాలన్నారు.

మన దగ్గర ఎంపీకి ఈ విషయంలో పెద్దగా పట్టు లేదు. విదేశీ ఒప్పందాలకు పార్లమెంటు ఓటు అక్కర్లేదు. మంత్రి కాని సభ్యుడు పెట్టిన బిల్లులు ఇప్పటిదాకా చట్టాలైనవి 14 మాత్రమే. చివరిది 1970లో. అందుకని అమెరికా ఉదాహరణ తీసుకున్నాను. 1986లో దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వం మీద అమెరికా ఆంక్షల చట్టం వచ్చింది, అధ్యక్షుడు రేగన్ దాన్ని వీటో చేస్తే (తిరస్కరిస్తే) ఆ వీటోను కాంగ్రెస్ కొట్టేసింది అని అన్ని పుస్తకాల్లోనూ ఉంది. రాన్ డెలమ్స్ అనే ప్రతినిధుల సభ (అమెరికా కాంగ్రెస్ దిగువ సభ, ఎగువ సభ సెనేట్) సభ్యుడు మొదటి బిల్లు 1972లోనే పెట్టాడని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తున్నారు.

నా సందేహాలు రెండు. 1972 నుంచి 1986 దాకా 14 ఏళ్లు ఆయన ఏం చేశాడు? బిల్లు పెట్టి కూర్చుంటే అది ఎలా ముందుకు కదిలింది? రెండోది, ఆంక్షలు ఎవరిని కాపాడాలని పెట్టారో వాళ్లనే దెబ్బ తీశాయన్న విమర్శకు ఆయన దగ్గర సమాధానం ఉందా? వైవాలో మా సార్ ఇదే అడుగుతారని ఖాయంగా తెలుసు. టెన్షన్‌గా ఉంది.


ఈస్ట్ బే లైబ్రరీ:

అమ్మా, నీ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. పెళ్లయ్యాక 1984లో గుంటూరు నుంచి కాలిఫోర్నియాలోని బర్క్లీ వచ్చాను. ఇక్కడ లైబ్రరీలో ప్రభుత్వ ప్రచురణల విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. కాంగ్రెస్ చర్చల సంపుటాలు సర్దడం, అడిగినవాళ్లకు వెతికిపెట్టడం నా ఉద్యోగం. డెలమ్స్ మా నియోజకవర్గం సభ్యుడు. 1971 నుంచి 1998 దాకా ఓక్లండ్, బర్క్లీల తరఫున ఆయనే గెలిచాడు. ఆయనంటే నాకు గౌరవం, అది దాచుకోను. అయినా నీ పేపర్‌కి పనికొచ్చేది పొగడ్త కాదు, పని ఎలా జరిగిందన్నది. అదే చెబుతాను.

మొదట 1972 సంగతి. ఆ బిల్లు ఆయన ఆలోచనలోంచి ఊడిపడలేదు. పోలరాయిడ్ కంపెనీ ఉద్యోగులు కొందరు, కెరొలైన్ హంటర్, కెన్ విలియమ్స్ అనే ఇద్దరు నల్లజాతి ఉద్యోగుల నాయకత్వంలో, తమ కంపెనీ కెమెరాలూ ఫిల్మూ దక్షిణాఫ్రికాలో దేనికి వాడుతున్నారో 1970లో కనిపెట్టారు. అక్కడ నల్లవాళ్లు పాస్‌బుక్ (ప్రభుత్వమిచ్చే గుర్తింపు, అనుమతి పుస్తకం) జేబులో లేకుండా వీధిలో నడిస్తే అరెస్టు. ఆ పాస్‌బుక్‌లో అతికించే ఫోటో అక్కడికక్కడే తీసిచ్చేది పోలరాయిడ్. ఈ ఉద్యోగులు కంపెనీతో పోట్లాడారు, అది చాలక వాషింగ్టన్‌లో నల్లజాతి సభ్యుల దగ్గరికొచ్చారు. డెలమ్స్, జాన్ కాన్యర్స్ వాళ్ల మాట విని, అమెరికన్ కంపెనీలు దక్షిణాఫ్రికా నుంచి బయటికి రావాలంటూ ప్రతిపాదన పెట్టారు. అప్పటికి డెలమ్స్ సభకు వచ్చి ఏడాది దాటిందంతే. ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు తమ చేతుల్లోని వస్తువు ఎక్కడికి పోతోందో అడిగిన ప్రశ్న నుంచి ఇదంతా మొదలైంది. పేపర్‌లో ఇది తప్పకుండా రాయి.

ఆ బిల్లుకు ఏమీ కాలేదు. అమెరికా కాంగ్రెస్‌లో బిల్లు పెట్టడం తేలిక. కమిటీ దాటి సభలో చర్చకు రావడమే కష్టం. రెండేళ్లకోసారి కాంగ్రెస్ గడువు తీరితే పాస్ కాని బిల్లులన్నీ పోతాయి, మళ్లీ మొదట్నుంచి పెట్టుకోవాలి. అప్పట్లో ఈయనకు అక్కడ పలుకుబడి కూడా లేదు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించి గెలిచిన మనిషి. 1973లో సైనిక వ్యవహారాల కమిటీలో చేరితే, ఆ కమిటీ చైర్మన్‌కి ఈయన రావడమూ ఇష్టం లేదు, పాట్ ష్రోడర్ అనే మహిళా సభ్యురాలు రావడమూ ఇష్టం లేదు. ఇద్దరికీ కలిపి ఒకే కుర్చీ వేయించాడు. ఇద్దరూ ఆ ఒక్క కుర్చీలో చెరి సగం కూర్చునే సమావేశానికి హాజరయ్యారు. సరిగ్గా ఇరవై ఏళ్లకు అదే కమిటీకి డెలమ్స్ చైర్మన్ అయ్యాడు. ఇది నీ అంశానికి కాస్త పక్కది, కానీ ఆ మనిషి ఓపిక ఎలాంటిదో తెలుస్తుందని చెప్పాను.

నీ అసలు ప్రశ్నకు వస్తాను. ఆ 14 ఏళ్లలో బిల్లును ముందుకు తోసింది సభ బయటి జనం. మా బర్క్లీలో 1979లోనే నగర నిధుల్ని దక్షిణాఫ్రికాతో వ్యాపారం చేసే బ్యాంకుల నుంచి తీసేయాలని ఓటర్లు తీర్మానించారు. 1984 నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో పదో నంబర్ లోకల్ యూనియన్ కార్మికులు నెడ్‌లాయిడ్ కింబర్లీ అనే ఓడలోంచి దక్షిణాఫ్రికా సరుకు దించబోమన్నారు. ఓడలో మిగతా సరుకంతా దించారు, అది మాత్రం ముట్టలేదు. 11 రోజులు నిలబడ్డారు. అదే నెలలో వాషింగ్టన్‌లో ర్యాండల్ రాబిన్సన్, మేరీ ఫ్రాన్సెస్ బెర్రీ, కాంగ్రెస్ సభ్యుడు వాల్టర్ ఫాంట్రాయ్ దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయంలోకి వెళ్లి, బయటికి రామని కూర్చుని అరెస్టయ్యారు. ఆ తర్వాత ఏడాదికి పైగా రోజూ ఎవరో ఒకరు అక్కడికెళ్లి అరెస్టవుతూనే ఉన్నారు. డిసెంబర్‌లో దక్షిణాఫ్రికా నల్లజాతి బిషప్ డెస్మండ్ టూటూ ప్రతినిధుల సభ ఉపసంఘం ముందుకొచ్చి, రేగన్ విధానం అనైతికమనీ క్రైస్తవ ధర్మానికి విరుద్ధమనీ మొహం మీదే చెప్పాడు. అక్కడున్న సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1985 వసంతంలో మా క్యాంపస్ మెట్ల మీద పిల్లలు పగలూ రాత్రీ బైఠాయించారు. నేను ఉద్యోగానికి వాళ్ల పక్కనుంచే నడిచి వెళ్లేదాన్ని. 1986 జులైలో కాలిఫోర్నియా యూనివర్సిటీ రీజెంట్లు (పాలకమండలి) 310 కోట్ల డాలర్ల పెట్టుబడులు వెనక్కి తీసుకోవాలని తీర్మానించారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దేశం వేడెక్కే సమయానికి డెలమ్స్ చేతిలో రాసిన బిల్లు సిద్ధంగా ఉంది. అప్పటికప్పుడు కూర్చుని రాసుకోవాల్సిన అవసరం రాలేదు. విదేశాంగ విషయాల్లో ఒక్క సభ్యుడు చేయగల పెద్ద పని నా లెక్కలో ఇదే. ఓట్లు లేని కాలంలో బిల్లును చావనీయకుండా ఉంచడం.

రేగన్‌కి కూడా గాలి మారుతోందని అర్థమైంది. కాంగ్రెస్ చట్టం చేసేలోపే 1985 సెప్టెంబర్‌లో తానే కొన్ని తేలికపాటి ఆంక్షలు ఉత్తర్వు ద్వారా పెట్టి కాంగ్రెస్‌లో అప్పుడు నడుస్తున్న ఆంక్షల బిల్లును ఆపించాడు. ఒక ఏడాది అలా గడిచిపోయింది.

ఇప్పుడు 1986 జూన్ 18. ఆ రోజు సభలో ఉన్నది డెలమ్స్ బిల్లు కాదు, పెన్సిల్వేనియా సభ్యుడు విలియం గ్రే బిల్లు. అది మధ్యేమార్గంగా ఉంటుంది. దానికి బదులుగా తన బిల్లు పెట్టాలని డెలమ్స్ సవరణ తెచ్చాడు. వ్యాపారం మొత్తం బంద్, అమెరికన్ కంపెనీలన్నీ 180 రోజుల్లో బయటికి రావాలి, ఇదీ సారాంశం. అది నెగ్గుతుందని ఎవరూ అనుకోలేదు. మూజువాణి ఓటు పెట్టారు. అధ్యక్షస్థానంలో ఉన్న సభ్యుడు సవరణ నెగ్గిందని ప్రకటించాడు. అప్పుడు రిపబ్లికన్ల తరఫున చర్చ నడుపుతున్న మిషిగన్ సభ్యుడు మార్క్ సిల్జాండర్ పేర్లతో ఓటింగ్ అడగొచ్చు. అడిగితే సవరణ ఓడిపోయేదే. ఆయన అడగలేదు. ఇంత కఠినమైన బిల్లు వెళితే సెనేట్ దాన్ని తిప్పికొడుతుందని ఆయన లెక్క. అలా సంపూర్ణ ఆంక్షల బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గింది.

ఆ లెక్క తప్పింది. సభ అంత దూరం వెళ్లాక, సెనేట్‌లో విదేశీ వ్యవహారాల కమిటీ చైర్మన్ రిచర్డ్ లూగర్ (రిపబ్లికన్, ఇండియానా) తెచ్చిన బిల్లే మధ్యస్తంగా కనిపించడం మొదలైంది. అంతకుముందు అదే తీవ్రమనిపించేది. ఆగస్టు 15న సెనేట్ 84-14 తేడాతో దాన్ని ఆమోదించింది. కొత్త పెట్టుబడులు నిషేధం, దక్షిణాఫ్రికా ప్రభుత్వానికి బ్యాంకు రుణాలు నిషేధం, అక్కడి బొగ్గు, ఉక్కు, యురేనియం, బట్టలు, వ్యవసాయ సరుకుల దిగుమతి బంద్, సౌత్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ విమానాలు ఇక్కడ దిగడానికి వీల్లేదు. లూగర్ ఒక షరతు పెట్టాడు. ప్రతినిధుల సభ ఈ బిల్లును ఒక్క అక్షరం మార్చకుండా ఒప్పుకుంటేనే వీటో వచ్చినప్పుడు తాను దానికి ఎదురు నిలబడతానన్నాడు. సభ సెప్టెంబర్ 12న 308-77తో ఒప్పుకుంది. 26న రేగన్ వీటో. 29న సభ 313-83తో వీటోను తోసేసింది. వీటోను తోసేయాలంటే ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి. ఓటేసింది 396 మంది, అంటే 264 చాలు. అక్టోబర్ 2న సెనేట్ 78-21. అక్కడ 66 చాలు. ఆ 78 మందిలో 31 మంది అధ్యక్షుడి సొంత పార్టీవాళ్లు.

వైవాలో అడిగితే, ప్రధాన సంఘటన అక్టోబర్ 2 అయినా, మలుపు జూన్ 18 అని ధైర్యంగా చెప్పు. రెండో ప్రశ్నకు విడిగా రాస్తాను, అది ఇంతకంటే క్లిష్టమైనది.


డర్బన్‌లో మనవాడు:

మేడమ్ గారూ, చాలా బాగా రాశారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో డర్బన్‌లో ఉంటున్నాను. ఇక్కడి వైపు నుంచి రెండు మాటలు చెప్పనివ్వండి.

మొదటిది, ఇది మన తెలుగువాళ్లకు అంత దూరపు కథ కాదు. 1860 నవంబర్‌లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటలకు వచ్చిన ఆ మొదటి కూలీల్లోనూ, 1911 దాకా వచ్చినవాళ్లలోనూ తెలుగువాళ్లు బోలెడంతమంది. ఇక్కడి ఆంధ్ర మహాసభ 1931లో పుట్టింది. వాళ్ల మనవలూ మునిమనవలూ వర్ణవివక్ష చట్టాల కింద బతికారు. ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చాక కేటో మేనర్ లాంటి పాత పేటల నుంచి భారతీయ కుటుంబాలను ఖాళీ చేయించి చాట్స్‌వర్త్ అనే కొత్త టౌన్‌షిప్‌కి తరలించారు. ఉగాదికి గుడిలో కలిసే పెద్దవాళ్లు ఇప్పటికీ కేటో మేనర్‌లో తమ ఇంటి మామిడిచెట్టు గురించి మాట్లాడతారు. ఆంక్షలు అందరికంటే ముందు పెట్టింది కూడా భారతదేశమే. 1946లో, స్వాతంత్ర్యం రాకముందే, ఇక్కడి భారతీయుల భూమి హక్కుల్ని దెబ్బతీసిన చట్టానికి నిరసనగా దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసి ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేసింది. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కి చేరి కూడా దక్షిణాఫ్రికాతో ఆడనని కప్పు వదులుకుంది.

రెండోది మాత్రం కాస్త ఎదురు మాట. అమెరికా చట్టమే వర్ణవివక్షను కూల్చిందని ఇక్కడ ఎవరూ అనుకోరు. 1985 వేసవిలో ఛేజ్ మన్‌హట్టన్ బ్యాంకు అప్పుల్ని పొడిగించనంది, మిగతా బ్యాంకులూ అదే దారి పట్టాయి, ఇక్కడి కరెన్సీ రాండ్ విలువ పడిపోయింది. సెప్టెంబర్‌లో ప్రభుత్వం అప్పుల చెల్లింపు ఆపేసింది. చట్టం రావడానికి ఏడాది ముందే ఇది జరిగిపోయింది. చట్టం వచ్చాక జనరల్ మోటార్స్, ఐబీఎం వెళ్లిపోతున్నామని ప్రకటించాయి. కానీ జనరల్ మోటార్స్ తన ఫ్యాక్టరీని అక్కడి మేనేజర్లకే అమ్మింది. డెల్టా అని పేరు మారింది, కార్లు తయారవుతూనే ఉన్నాయి. అమెరికా తగ్గిన చోట జపాన్ వచ్చి 1987కల్లా మొదటి వ్యాపార భాగస్వామి అయింది.

ఇంకో పేరు కూడా చెప్పాలి. హెలెన్ సుజ్మన్. ఆమెదీ చట్టసభే, ఇక్కడి పార్లమెంటు. 1961 నుంచి 1974 దాకా వర్ణవివక్షను సూటిగా వ్యతిరేకించే పార్టీ తరఫున సభలో ఉన్న ఒకే ఒక్క సభ్యురాలు. రాబెన్ ఐలండ్ జైలుకెళ్లి మండేలాను చూసి, ఖైదీల పరిస్థితి మీద మంత్రుల్ని నిలదీసింది. అలాంటి మనిషి ఆంక్షలకు వ్యతిరేకి. నల్లకార్మికులకు ఉన్న ఒకే బలం వాళ్ల ఉద్యోగాలు, వాటిని మనమే తీసేస్తే ఎలా అని ఆమె వాదన. డెలమ్స్‌ను చదివేవాళ్లు సుజ్మన్‌ను కూడా చదవాలని నా కోరిక.


రాజంపేట పెద్దాయన:

నేను చదువుకున్నది తక్కువ, కానీ ఆంక్షలంటే ఏమిటో దగ్గర్నుంచి చూసినవాణ్ని. 1990 ఆగస్టులో నేను కువైట్‌లో డ్రైవర్ని. సద్దాం సైన్యం వచ్చాక బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కణ్నుంచి ఎయిర్ ఇండియా విమానంలో ఇంటికొచ్చాం. మా వైపు నుంచి అప్పట్లో అక్కడ లేని ఊరు లేదు. దారిలో ఇరాక్ వాళ్లు మాకు రొట్టె, నీళ్లు పెట్టారు. తర్వాత పన్నెండేళ్లు ఆ జనం మందులు దొరక్క పడ్డ బాధలు పేపర్లో చదువుతుంటే కడుపు తరుక్కుపోయేది. ఐక్యరాజ్యసమితి తరఫున బాగ్దాద్‌లో పనిచేసిన డెనిస్ హాలిడే 1998లో ఈ పని చేయలేనని రాజీనామా చేశాడు. ఆయన తర్వాత వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ కూడా 2000లో అదే చేశాడు. సద్దాంకి ఒక్కపూట భోజనం తగ్గిందా? మీరు చెప్పే డెలమ్స్ గారు ఇరాక్ సంగతిలో ఏమన్నాడో చెప్పండమ్మా. మానవ హక్కుల పేరుతో పెద్ద దేశం చిన్న దేశం గొంతు నొక్కడానికి ఇదొక దారి అయిందని నా బాధ.


ఈస్ట్ బే లైబ్రరీ:

బాబూ డర్బన్, పెద్దాయన గారూ, ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. వాల్తేరు అమ్మాయి రెండో ప్రశ్న కూడా ఇందులోనే ఉంది.

బ్యాంకుల సంగతి నిజం, నేను కాదనను. కానీ ఆ బ్యాంకులు ఊరికే భయపడలేదు. తలుపు ముందు ఆందోళనలు, నగరాలూ పెన్షన్ ఫండ్లూ డబ్బు వెనక్కి తీసుకోవడం, వాషింగ్టన్‌లో చట్టం వచ్చేలా ఉండటం, అన్నీ కలిసి ఆ దేశానికి అప్పివ్వడం రిస్కు అనిపించాయి. డెల్టా లాంటి కంపెనీల సంగతీ నిజమే. అందుకే డెలమ్స్ 1986 చట్టంతో తృప్తి పడలేదు. అందరూ పని అయిపోయిందనుకున్నా ఆయన మళ్లీ కఠినమైన బిల్లు తెచ్చి 1988 ఆగస్టులో ప్రతినిధుల సభలో నెగ్గించాడు. కానీ అది సెనేట్‌లో పాస్ కాలేదు. న్యూయార్క్ సభ్యుడు చార్లెస్ రాంగెల్ ఇంకో దారి పట్టాడు. దక్షిణాఫ్రికాలో కట్టిన పన్నుకు అమెరికాలో ఇచ్చే మినహాయింపును 1987లో బడ్జెట్ చట్టంలో పెట్టి తీయించాడు. ఉపన్యాసం లేదు, ఊరేగింపు లేదు, పన్ను నిబంధన ఒకటి. 1989లో మోబిల్ ఆయిల్ కంపెనీ అక్కడి ఆస్తులు అమ్ముకుని వెళ్లిపోయింది.

సుజ్మన్ గారంటే నాకూ గౌరవమే. ఆమె ధైర్యంలో పదో వంతు కూడా చాలామందికి లేదు. కానీ ఈ ఒక్క విషయంలో నేను ఆమెతో ఏకీభవించను. నల్లకార్మికుల తరఫున మాట్లాడాల్సింది ఎవరు? మండేలా పార్టీ ఏఎన్‌సీకి అప్పటి అధ్యక్షుడు ఆల్బర్ట్ లుతూలీ 1959లోనే దక్షిణాఫ్రికా సరుకుల్ని బహిష్కరించమని ప్రపంచాన్ని అడిగాడు. కష్టం మాకే వస్తుందని తెలిసే అడుగుతున్నామన్నాడు. 1985లో మీ డర్బన్‌లోనే పుట్టిన కొసాటు కార్మిక సమాఖ్య, లక్షల మంది సభ్యులున్నది, ఆంక్షలు కోరింది. గని కార్మికుల సంఘం కోరింది. టూటూ కోరాడు, ఏఎన్‌సీ కోరింది. అలా బహిరంగంగా కోరడమే అక్కడ కేసు పెట్టదగ్గ నేరంగా ఉన్న రోజులవి. జైలుకెళ్లే ప్రమాదం తీసుకుని మరీ అడిగారు. జులూల నేత బుతెలేజీ లాంటి నాయకులు వద్దన్న మాటా ఉంది, నిజమే. అయినా ఉద్యోగం పోగొట్టుకునేవాడే పోయినా సరే అంటుంటే, వాడి ఉద్యోగం గురించి వాషింగ్టన్‌లో రేగన్, లండన్‌లో ప్రధాని థాచర్ బెంగపడటం నాకు సమంజసంగా అనిపించదు.

పెద్దాయన గారూ, మీరు అడిగింది చాలా గట్టి ప్రశ్న. డెలమ్స్ కనబడిన ప్రతి ఆంక్షకూ చెయ్యెత్తిన మనిషి కాదు. క్యూబా మీద అమెరికా దిగ్బంధాన్ని వ్యతిరేకించాడు. 1990 చివర్లో గల్ఫ్ యుద్ధం రాబోతుంటే, కాంగ్రెస్ అనుమతి లేకుండా అధ్యక్షుడు యుద్ధానికి వెళ్లకూడదని యాభై మందికి పైగా సభ్యులతో కలిసి కోర్టుకెళ్లాడు. ఆ కేసుకు ఆయన పేరే ఉంది, డెలమ్స్ వర్సెస్ బుష్. కాంగ్రెస్ మెజారిటీ ఇంకా తన మాట చెప్పలేదు కాబట్టి ఇప్పుడే తీర్పివ్వలేనన్నాడు జడ్జి హెరాల్డ్ గ్రీన్. కానీ యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌దేనన్న వాదనను తీసిపారేయలేదు. అప్పట్లో యుద్ధాన్ని వద్దన్న చాలామంది, బాంబుల కంటే ఆంక్షలు నయం, వాటికి సమయం ఇద్దామన్నారు. ఆ తర్వాత బాంబులూ పడ్డాయి, ఆంక్షలూ మిగిలాయి. మీరు చూసిన ఆ జనం రెండూ అనుభవించారు.

ఈ రెంటికీ తేడా చట్టం పాఠంలోనే ఉందని నేను నమ్ముతాను. దక్షిణాఫ్రికా చట్టంలో ఆంక్షలు ఎప్పుడు తీస్తారో కూడా రాసి ఉంది. మండేలానూ రాజకీయ ఖైదీలనూ వదలాలి, అత్యవసర పరిస్థితి ఎత్తేయాలి, పార్టీల మీద నిషేధం తీయాలి, గ్రూప్ ఏరియాస్ చట్టం, మనుషుల్ని జాతులవారీగా నమోదు చేసే జనాభా నమోదు చట్టం రద్దు చేయాలి, నల్లవాళ్ల ప్రతినిధులతో చిత్తశుద్ధిగా చర్చలకు రావాలి. దక్షిణాఫ్రికా రాజధాని ప్రిటోరియాలో కూర్చున్నవాడికి ఏం చేస్తే ఇది పోతుందో స్పష్టంగా తెలుసు. ఇరాక్ విషయంలో ఆయుధాల షరతు కాగితం మీద ఉంది గానీ, సద్దాం దిగేదాకా తీసేది లేదని అమెరికా నాయకులే బయటికి అన్నారు. అప్పుడు అక్కడి పాలకుడికి మారాల్సిన అవసరం ఏముంది? పైగా అవి ఇరాక్ జనం కోరి పెట్టించుకున్నవి కావు.


వాల్తేరు అమ్మాయి:

మేడమ్, డర్బన్ అన్నయ్యా, పెద్దాయన గారూ, అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నా పేపర్ రూపమే మారిపోయింది. ఇంకొక్క ప్రశ్న అడగొచ్చా? ఇప్పుడు మాగ్నిట్‌స్కీ చట్టం లాంటివి వచ్చాయి కదా, దేశం మొత్తాన్ని కాకుండా తప్పు చేసిన అధికారుల్ని మాత్రమే పట్టుకునేవి. పెద్దాయన గారు చెప్పిన సమస్యకు అదే పరిష్కారం అని రాయొచ్చా? ఇంకోటి, 1991లో ఆంక్షలు తీసేసినప్పుడు డెలమ్స్ సంతోషించాడా?


ఈస్ట్ బే లైబ్రరీ:

పరిష్కారం అని రాయకు, ఒక దారి అని రాయి. సెర్గీ మాగ్నిట్‌స్కీ 2009 నవంబర్‌లో మాస్కో జైల్లో చనిపోయాడు. ప్రభుత్వ ఖజానా దోపిడీని బయటపెట్టినవాడు. సెనేట్‌లో బెన్ కార్డిన్, ప్రతినిధుల సభలో జిమ్ మెక్‌గవర్న్ ముందుండి 2012లో ఆ చట్టం తెచ్చారు. ఫలానా అధికారికి వీసా ఇవ్వం, ఇక్కడున్న ఆస్తి స్తంభింపజేస్తాం, అంతే. 2016లో దాన్ని ప్రపంచమంతటికీ విస్తరించారు. రొట్టె, మందుల జోలికి పోదు కాబట్టి అది మంచిదే. కానీ దెబ్బ సామాన్యుల మీద అసలు పడదనుకోకు. 2012 డిసెంబర్‌లోనే రష్యా బదులుగా, అమెరికన్లు రష్యన్ అనాథ పిల్లల్ని దత్తత తీసుకోకూడదని చట్టం చేసింది. అప్పటికే తల్లిదండ్రులు వచ్చి చూసి వెళ్లిన పిల్లలు కూడా ఆగిపోయారు. పైగా ఆ జాబితాలో ఎవరి పేరు పెట్టాలన్నది చివరికి అధ్యక్షుడి చేతిలో ఉంటుంది. మిత్రదేశాల అధికారుల పేర్లు అంత తేలిగ్గా ఎక్కవు. 1986 చట్టంలో అధ్యక్షుడికి అలా తప్పించుకునే సందు తక్కువ. చట్టసభ పాత్ర మీద రాస్తున్నావు కాబట్టి ఈ పోలిక నీకు బాగా పనికొస్తుంది.

1991 సంగతి. జూన్‌లో గ్రూప్ ఏరియాస్, జనాభా నమోదు చట్టాలు రద్దయ్యాయి. జులై 10న పెద్ద బుష్ షరతులన్నీ తీరాయని ప్రకటించి ఆంక్షలు ఎత్తేశాడు. ఏఎన్‌సీ తొందరపడ్డారంది. రాజకీయ ఖైదీలు ఇంకా జైళ్లలో ఉన్నారని వాళ్ల లెక్క, నల్లవాళ్లకు ఓటు అప్పటికీ లేదు. ఓటు ఇవ్వాలన్నది ఆ షరతుల్లో లేదు చూడు. నా దృష్టిలో ఆ చట్టానికి అదే పెద్ద లోటు. జూన్ 18 బిల్లుకీ, చివరికి చట్టమైనదానికీ దూరం ఎంతో నువ్వే రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. మిగిలిన ఆంక్షలు కూడా తీసేయొచ్చని మండేలా స్వయంగా ఐక్యరాజ్యసమితిలో చెప్పింది 1993 సెప్టెంబర్‌లో, ఎన్నికలు ఖాయమయ్యాకే.

ఇంకా సంతోషం గురించి అడిగావు కాబట్టి, 1990 జూన్ 30న ఏం జరిగిందో చెబుతాను. మండేలా విడుదలై అయిదు నెలలు కాలేదు. అమెరికా పర్యటన చివర్లో ఓక్లండ్ స్టేడియానికి వచ్చాడు. మేమూ మా అమ్మాయిని తీసుకుని వెళ్లాం, చాలా పైవరసలో చోటు దొరికింది. ఆ వేదిక మీంచి మండేలా ప్రత్యేకంగా పేరెత్తి కృతజ్ఞత చెప్పినవాళ్లలో, 1984లో సరుకు దించనన్న ఆ పదో నంబర్ లోకల్ రేవు కార్మికులు ఉన్నారు. నీ పేపర్ శీర్షికలో చట్టసభ సభ్యుడు ఉన్నా, పోలరాయిడ్ ఉద్యోగులకూ ఈ రేవు కార్మికులకూ కనీసం ఒక పేజీ కేటాయించు.

వెతకాల్సిన చోటు కూడా చెబుతాను. చట్టం నంబర్ 99-440. చర్చలు కాంగ్రెషనల్ రికార్డులో ఉంటాయి, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. జూన్ 18 నాటిది తీస్తే మూజువాణి ఓటు కాబట్టి ఎవరు ఎటున్నారో పేర్లు ఉండవు, చర్చ మాత్రం ఉంటుంది. సెప్టెంబర్ 29, అక్టోబర్ 2 నాటివి పేర్లతో సహా ఉంటాయి. అక్టోబర్ 2కి ముందు రోజులవీ తప్పకుండా చూడు. దక్షిణాఫ్రికా విదేశాంగ మంత్రి పిక్ బోథా, సెనేటర్ జెస్సీ హెల్మ్స్ ద్వారా వ్యవసాయ రాష్ట్రాల సెనేటర్లతో ఫోన్‌లో మాట్లాడి, చట్టం నెగ్గితే మీ గోధుమలు కొనం అని బెదిరించాడు. లూగర్ దాన్ని సభలోనే ఎండగట్టాడు. ఒక రిపబ్లికన్ చైర్మన్ తన అధ్యక్షుడికి ఎదురుగా అంత గట్టిగా ఎందుకు నిలబడ్డాడో ఆ పేజీలు చదివితే నీకే అర్థమవుతుంది. ఫైళ్లు తెరుచుకోకపోతే ఇక్కడే రాయమ్మా, నేను వెతికి పంపుతాను.